గీత కదలకపోతే నక్షత్రం నెమ్మదిగా తిరుగుతున్నట్టేనా?

పామూరులో ఉండి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. టెస్ ఉపగ్రహం డేటా దించుకుని, పాత కేటలాగులో అయస్కాంత నక్షత్రమని రాసి ఉన్న ఒక 9వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగే కొద్దీ మసక) నక్షత్రానికి కాంతి గ్రాఫు గీసింది. రెండు సెక్టార్లలోనూ, అంటే టెస్ ఆకాశంలో ఒకే చోటు చూసే 27 రోజుల విడతలు రెంటిలోనూ, గీత బల్లపరుపుగా వచ్చింది. ఒక్క 13, 14 రోజుల దగ్గర చిన్న మెలిక ఉంది. "సార్, ఇది చాలా నెమ్మదిగా తిరిగే నక్షత్రమేనా? నేను కనిపెట్టినట్టేనా? టెలిస్కోపు లేకుండా ఇంట్లో ల్యాప్‌టాప్‌తో దీని మీద ఇంకా ఏం చెయ్యొచ్చు?" అని అడిగింది.

అమ్మా, ముందు సూటిగా చెప్తాను. ఇంకా కనిపెట్టినట్టు కాదు. కానీ నువ్వు వెతుకుతున్న చోటు సరైనదే. ఇవాళ ప్రపంచంలో ఈ నక్షత్రాలను పట్టుకుంటున్నది ఇట్టాగే, టెస్ డేటాలో కదలని గీతల్ని చూసే. అయితే "మార్పు కనపళ్ళేదు" అనేముందు "మార్పు ఉండి ఉంటే నాకు కనపడి తీరేది" అని నువ్వు చూపించాలి. ఈ పనిలో ముప్పాతిక శ్రమ అక్కడే ఉంది. నా జవాబులో ఎక్కువ భాగం దాని మీదే రాస్తున్నాను.

ఈ చర్చ చదివే మిగతావాళ్ళ కోసం ఆ నక్షత్రాల సంగతి కొంచెం చెప్పాలి. సూర్యుడికన్నా వేడిగా ఉండే ఏ, బి తరగతి నక్షత్రాల్లో సుమారు పదింట ఒకదానికి బలమైన అయస్కాంత క్షేత్రం ఉంటుంది. భూమి క్షేత్రం నెల్లూరులో కొలిస్తే అర గాస్ కూడా రాదు. వీటిలో అది వందల గాస్‌ల దగ్గర మొదలై వేలల్లోకి పోతుంది. సూర్యుడు కాకుండా వేరే నక్షత్రంలో అయస్కాంత క్షేత్రాన్ని మొదట పట్టుకున్నది హొరేస్ బాబ్‌కాక్, 1946లో, కన్యారాశిలోని 78 వర్జినిస్ అనే నక్షత్రంలో. 1960లో ఆయనే హెచ్‌డి 215441 అనే నక్షత్రంలో 34,000 గాస్‌ల క్షేత్రం ఉందని చూపించాడు. అంత బలమైన క్షేత్రం వల్ల ఈ నక్షత్రాల పై పొరలు కలగాపులగం కాకుండా నిలకడగా ఉంటాయి. ఆ నిలకడలో కొన్ని మూలకాలు బరువుకు కిందికి దిగిపోతాయి, స్ట్రాన్షియం, క్రోమియం, యూరోపియం లాంటివి లోపలి నుంచి వచ్చే కాంతి తోపుడుకు పైకి తేలతాయి. తేలినవి అంతటా సమంగా పరుచుకోవు, ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా మచ్చలు మచ్చలుగా చేరతాయి. ఇట్టాంటి వాటినే ఏపి నక్షత్రాలంటారు.

నక్షత్రం తిరిగే కొద్దీ ఆ మచ్చలు మనవైపు వస్తాయి, పోతాయి. దాంతో వెలుగు మాగ్నిట్యూడులో కొన్ని వెయ్యో వంతుల నుంచి కొన్ని వందో వంతుల దాకా మారుతుంది. అయస్కాంత అక్షం భ్రమణాక్షానికి వాలి ఉంటుంది కాబట్టి క్షేత్రం కొలత కూడా అదే వరసలో మారుతుంది. ఈ నమూనాను 1950లో డగ్లస్ స్టిబ్స్ లెక్క కట్టి చూపించాడు. మనకు కావలసిందల్లా ఒక్కటే: వెలుగు ఎన్ని రోజులకు ఒకసారి అదే వరసలో మారుతుందో, నక్షత్రం ఒక చుట్టు తిరగడానికి అన్ని రోజులు పడుతుంది.

ఎక్కువ ఏపి నక్షత్రాలు 2 నుంచి 10 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతాయి. అర్ధరోజులో తిరిగేవీ ఉన్నాయి. ఇక నెమ్మది వైపు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. హెచ్‌డి 126515కి 130 రోజులు. హెచ్‌డి 187474కి ఆరేళ్ళ పైచిలుకు. హెచ్‌డి 965కి 16 ఏళ్ళు దాటుతుంది. గామా ఈక్యులియై అనే నక్షత్రానికి ఇప్పటి అంచనా సుమారు 97 ఏళ్ళు. బాబ్‌కాక్ 1946లో మొదలుపెట్టిన కొలతలు ఇప్పటికీ కొనసాగుతున్నాయి, ఇంకా ఒక చుట్టు పూర్తి కాలేదు. సూర్యుడికి రెండు రెట్లకు కాస్త పైన ఉన్న దాని వ్యాసార్థం పెట్టి లెక్క కడితే, మధ్యరేఖ దగ్గర దాని ఉపరితలం కదిలే వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు. అంటే మీ ఊరి నుంచి సీఎస్‌పురం రోడ్డు మీద తాపీగా సైకిల్ తొక్కేవాడి వేగం. అంత పెద్ద నక్షత్రం ఆ వేగంతో తిరుగుతోంది!

ఆ నక్షత్రాన్ని నువ్వు కంటితో చూడొచ్చు. సెప్టెంబరు ఆఖర్లో, మబ్బు లేని రోజు, రాత్రి 9 గంటల ప్రాంతంలో మిద్దె ఎక్కి నడినెత్తిన చూడు. ధనిష్ఠ అని మనవాళ్ళు చెప్పే నాలుగు చుక్కల చిన్న గుంపు కనపడుతుంది. దానికి ఆగ్నేయంగా కొంచెం కిందికి వస్తే మసకగా ఉండే 4.7 మాగ్నిట్యూడు చుక్క అది. మన అక్షాంశంలో అది దాదాపు నడినెత్తి మీదుగానే పోతుంది. పామూరు, ఉదయగిరి వైపు ఆకాశం ఇంకా చీకటిగానే ఉంది కాబట్టి కనపడుతుంది. నెల్లూరు టౌనులోనో, రొయ్యల గుంటల దీపాలు వెలిగే తీరం పక్కనో ఉండేవాళ్ళకు బైనాక్యులర్ కావాలి.

ఒక చుట్టుకు 50 రోజులు దాటితే ఆ నక్షత్రాన్ని అతి నెమ్మది జాబితాలో చేర్చడం ఇప్పుడు అలవాటు. అర్ధరోజు నుంచి వందల ఏళ్ళ దాకా, ఒకే రకం నక్షత్రాల్లో ఇంత తేడా ఎందుకొచ్చిందో ఇంతవరకూ ఎవరూ తృప్తిగా చెప్పలేకపోయారు. నక్షత్రం ఇంకా పసిదిగా ఉన్నప్పుడే, హైడ్రోజన్ మండించడం నిలకడపడక ముందే ఈ తేడా పడిపోయిందన్నంత వరకు తెలుసు. ఏ పద్ధతిలో పడిందన్నది తేలలేదు. ఇది తేలాలంటే నెమ్మదిగా తిరిగేవి ఎన్ని ఉన్నాయో, వాటి క్షేత్రాలు ఎంతెంతో పక్షపాతం లేకుండా లెక్క తెలియాలి. నీ గీతకు విలువ అక్కడుంది.

పక్షపాతం అని ఎందుకన్నానంటే, పాత పద్ధతిలో ఈ నక్షత్రాలు దొరికింది ఎక్కువగా వర్ణపటంలో. అయస్కాంత క్షేత్రంలో వర్ణపట గీత కొన్ని పాయలుగా చీలుతుంది, దాన్నే జీమన్ చీలిక అంటాం. నక్షత్రం వేగంగా తిరిగితే డాప్లర్ వల్ల గీతలు వెడల్పై ఆ పాయలు కలిసిపోతాయి. నెమ్మదిగా తిరిగితేనే విడివిడిగా కనపడతాయి. అందుకని చీలిన గీతలున్న నక్షత్రాల్ని వెతికితే నెమ్మదివి దొరికేవి. కానీ క్షేత్రం బలంగా ఉంటే తప్ప చీలిక కనపడదు గదా! బలహీన క్షేత్రంతో నెమ్మదిగా తిరిగే నక్షత్రం ఎదురుగా ఉన్నా వలలో పడదు. దొరికినవన్నీ బలమైన క్షేత్రం ఉన్నవే కాబట్టి, బలమైన క్షేత్రానికీ నెమ్మది భ్రమణానికీ సంబంధం ఉందనిపిస్తుంది. ఆ సంబంధం నిజమా, వెతికిన తీరు వల్ల వచ్చిందా అన్నది ఆ పద్ధతిలో తేలదు.

టెస్ ఈ చిక్కు విప్పింది. 2018 ఏప్రిల్ 18న కేప్ కెనావెరల్ నుంచి పైకి వెళ్ళిన ఈ ఉపగ్రహం అసలు పని వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాల్ని వెతకడం. దానికి 10.5 సెంటీమీటర్ల కంతలున్న కెమెరాలు నాలుగు ఉన్నాయి. ఆకాశంలో 24 డిగ్రీల వెడల్పు, 96 డిగ్రీల పొడవు ఉన్న పట్టీని సుమారు 27 రోజులు రెప్ప వేయకుండా చూసి పక్క పట్టీకి జరుగుతుంది. ఆ 27 రోజుల్నే సెక్టార్ అంటాం. ఎంపిక చేసిన నక్షత్రాలకు 2 నిమిషాలకో కొలత దొరుకుతుంది. 2 నుంచి 10 రోజుల్లో తిరిగే ఏపి నక్షత్రమైతే ఆ 27 రోజుల్లో ఎత్తుపల్లాలు కొట్టొచ్చినట్టు కనపడాలి. కనపడలేదంటే ఒక చుట్టుకు పట్టే కాలం సెక్టారు కన్నా బాగా పెద్దదై ఉండాలి. ఈ తర్కంలో క్షేత్రం బలం ఊసే రాదు. బలహీన క్షేత్రం ఉన్నదైనా, బలమైనదైనా ఒకే జల్లెడలో పడుతుంది.

గోతియే మాథిస్, డొనాల్డ్ కర్ట్జ్, డేనియల్ హోల్డ్స్‌వర్త్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ పద్ధతిని వరసగా నడిపించారు. 2020లో క్రాంతివృత్తానికి దక్షిణాన ఉన్న అర్ధభాగంలో 60 నక్షత్రాల్ని, 2022లో ఉత్తర భాగంలో 67 నక్షత్రాల్ని భ్రమణ మార్పు లేనివిగా చూపించారు. ఆ 67లో 46 అంతకుముందు ఎవరూ అనుమానించనివి. వాళ్ళ ఫలితాల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది ఇది: బలహీన క్షేత్రం ఉన్న నక్షత్రాల్లో అతి నెమ్మది నిజంగానే అరుదు. అంటే పాత సంబంధం ఉత్త భ్రమ కాదు. ఇంకోటి, 2,000, 3,000 గాస్‌ల మధ్య క్షేత్రమున్న నెమ్మది నక్షత్రాలు దాదాపు లేవు, అక్కడ ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీకి కారణం తెలియదు. మరికొన్ని నక్షత్రాలు చేరితే తప్ప అది గట్టిపడదు. నీలాంటి వాళ్ళు చూసే ఒక్కొక్క నక్షత్రానికీ అక్కడ చోటుంది.

ఇక నీ గ్రాఫు దగ్గరికొద్దాం.

ఆ 13, 14 రోజుల మెలిక నక్షత్రానిది కాదు. టెస్ భూమి చుట్టూ 13.7 రోజులకు ఒకసారి తిరుగుతుంది. ప్రతి చుట్టులో భూమికి దగ్గరగా వచ్చినప్పుడు డేటా కిందికి పంపడానికి చూపు తిప్పుతుంది, కొలతలు కొంతసేపు ఆగుతాయి. ఆ విరామానికి ముందూ వెనకా కెమెరా వేడి మారుతుంది, భూమి, చంద్రుడి వెలుగు కెమెరాలోకి చిందుతుంది. సెక్టారు సరిగ్గా నడిమికి వచ్చే మెలికను, అంచుల్లో వచ్చే వంపును, నెమ్మదిగా వాలే ఏటవాలును ముందుగా ఉపగ్రహం ఖాతాలోనే రాయాలి. నీకు అనుమానం తీరాలంటే అదే కెమెరాలో, అదే చిప్ మీద, నీ నక్షత్రానికి దగ్గర్లో, అదే వెలుగున్న మరో నాలుగైదు నక్షత్రాల గ్రాఫులు గీసి పక్కన పెట్టు. అన్నిటిలో అదే మెలిక ఉంటే దాని సంగతి అక్కడితో సరి.

ఇప్పుడు అసలు గండం. నువ్వు వాడింది పీడీసీ అనే సరిచేసిన కాంతి అయి ఉంటుంది, ఎందుకంటే టెస్ డేటా చూడటానికి వాడే లైట్‌కర్వ్ అనే పైథాన్ ప్యాకేజీ మామూలుగా ఇచ్చేది అదే. గ్రహాలు వెతికేవాళ్ళకు కావలసింది కొన్ని గంటల పాటు వెలుగు తగ్గే చిన్న గుంటలు. కాబట్టి ఆ సరిచేసే పద్ధతి పక్కపక్క నక్షత్రాలన్నిటిలో ఉమ్మడిగా ఉన్న నెమ్మది మార్పులను ఉపగ్రహం తప్పులుగా లెక్కేసి తీసేస్తుంది. ఆ తీసివేతలో నక్షత్రం సొంత నెమ్మది మార్పు కూడా కొట్టుకుపోవచ్చు. 4 రోజుల మార్పు నిక్షేపంగా బతుకుతుంది. 10, 12 రోజులు దాటే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 25 రోజులకు ఒక చుట్టు తిరిగే నక్షత్రం కూడా పీడీసీలో బల్లపరుపు గీతలాగా దిగొచ్చు. పోనీ సరిచెయ్యని సాప్ కాంతిని చూద్దామంటే దాన్నిండా ఉపగ్రహం వంపులే. కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కదాన్ని నమ్మి ఏమీ అనకూడదు.

చాలామంది విద్యార్థులు ఇక్కడ ఆగిపోతారు. నువ్వు ఇంకో మెట్టెక్కు. మార్పు లేదని నిరూపించడానికి నాకు తెలిసిన గట్టి పద్ధతి ఒకటుంది: మార్పును నువ్వే కలిపి చూడటం. సాప్ కాంతిని తీసుకో. 3 వెయ్యో వంతుల ఎత్తున్న సైన్ తరంగాన్ని, 5 రోజుల కాలంతో, 1కి కలిపి దానితో ఆ కాంతిని గుణించు. తర్వాత లైట్‌కర్వ్‌లో ఉన్న ఉమ్మడి ధోరణి సదుపాయంతో నువ్వే సరిచెయ్యి. చివర లాంబ్-స్కార్గల్ పీరియడోగ్రామ్ (డేటాలో దాగిన కాలాలను శిఖరాలుగా చూపే గ్రాఫు) వేసి ఆ తరంగం తిరిగొచ్చిందో లేదో చూడు. వస్తే కాలాన్ని 10 రోజులు చెయ్యి. తర్వాత 15, 20, 30, 50. ఎక్కడో ఒకచోట నువ్వు కలిపిన తరంగం నీకే కనపడకుండా పోతుంది. నీ డేటా ఎంతదాకా చూడగలదో ఆ హద్దు చెప్తుంది. తర్వాత ఎత్తు తగ్గిస్తూ అదే పని చెయ్యి. తరంగం మొదలయ్యే దశ కూడా మార్చి చూడు. పొడవాటి కాలాలకు సెక్టారులో పడేది చుట్టులో ఒక ముక్కే కాబట్టి, శిఖరం దగ్గర పడితే ఒకలాగా, ఏటవాలులో పడితే ఒకలాగా కనపడుతుంది.

ఇదంతా చేశాక నువ్వు రాయగలిగే వాక్యం మారిపోతుంది. "ఈ నక్షత్రంలో మార్పు లేదు" అని రాయవు. "ఫలానా ఎత్తుకు మించిన మార్పు, ఇన్ని రోజుల లోపు కాలంతో, ఈ నక్షత్రంలో ఉండి ఉంటే కనపడేది, కనపడలేదు" అని రాస్తావు. మొదటిదాన్ని ఎవరైనా ఒక్క మాటతో కొట్టేస్తారు. రెండోదాన్ని కొట్టెయ్యాలంటే వాళ్ళూ కూర్చుని పని చెయ్యాలి.

నీకు రెండు సెక్టార్లున్నాయి అన్నావు. అవి వెంటవెంట వచ్చినవైతే నీ అదృష్టం. ఏడాదో రెండేళ్ళో ఎడం ఉన్నవైతే మాత్రం ఒకదానిలో వెలుగు ఎక్కువగా, ఇంకోదానిలో తక్కువగా ఉందని మురిసిపోవద్దు. నక్షత్రం వేరే చిప్ మీద, వేరే పిక్సెళ్ళ మీద పడి ఉంటుంది. సెక్టారుకూ సెక్టారుకూ మధ్య మొత్తం వెలుగులో వచ్చే చిన్న తేడాను భ్రమణం కింద లెక్కెయ్యడానికి ఈ డేటా పనికిరాదు.

పొరుగు చుక్కల సంగతి కూడా చూడాలి. టెస్ పిక్సెల్ ఒక్కొక్కటి 21 ఆర్క్‌సెకన్ల వెడల్పు. నీ నక్షత్రం పక్కనే దాదాపు అంతే వెలుగున్న ఇంకో చుక్క ఉంటే రెంటి కాంతి కలిసిపోయి నిజమైన మార్పు సగానికి పడిపోతుంది. గయా ఉపగ్రహం వేసిన నక్షత్రాల కేటలాగులో చుట్టూ ఒకటి రెండు ఆర్క్‌నిమిషాల లోపల ఏమున్నాయో చూస్తే తెలిసిపోతుంది.

తర్వాతి అనుమానం ఇంకా మౌలికమైనది. అది అసలు ఏపి నక్షత్రమేనా? మామూలు ఏ తరగతి నక్షత్రం గీత బల్లపరుపుగా ఉంటే వింతేమీ లేదు, దానికి మచ్చలే ఉండవు. ఈ రంగంలో అందరూ మొదలుపెట్టే జాబితా 2009లో రెన్సన్, మాన్‌ఫ్రాయిడ్ వేసిన కేటలాగు. అందులో 8,205 నక్షత్రాలున్నాయి, ఏపిలే కాకుండా ఏఎమ్‌లు (లోహాల గీతలు బలంగా ఉండే ఏ తరగతి నక్షత్రాలు), పాదరసం-మాంగనీస్ రకాలు కూడా. వర్గీకరణ ఎవరెవరో, ఎప్పుడెప్పుడో, రకరకాల పరికరాలతో చేసింది. ఏఎమ్ నక్షత్రాలకు ఇట్టాంటి బలమైన పెద్ద క్షేత్రం ఉండదు. పొరపాటున ఏపి అని రాసిన ఏఎమ్ నక్షత్రం నీ జల్లెడలో సులువుగా మిగిలిపోతుంది. నీ నక్షత్రానికి కేటలాగులో స్ట్రాన్షియం, యూరోపియం, క్రోమియం అని రాసి ఉంటే కొంత ధైర్యం. పేరు పక్కన అనుమానపు గుర్తు ఉంటే వర్ణపటం చూసేదాకా నమ్మకు. లామోస్ట్ అనే చైనా సర్వే వర్ణపటాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఏపి నక్షత్రాల్లో 5200 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిలో ఒక పల్లం కనపడుతుంది. ఆ గుర్తు పట్టుకుని 2020లో ఆ డేటా నుంచి 1,002 అయస్కాంత నక్షత్రాల జాబితా తీశారు. నీది ఉత్తరాకాశంలో ఉంటే అక్కడ వెతుకు.

ఈ అనుమానానికి టెస్ డేటాలోనే సగం జవాబు ఉంది. పీరియడోగ్రామ్‌ను నెమ్మది వైపే కాకుండా వేగం వైపు కూడా సాగదియ్యి. 2 నిమిషాల డేటా 4 నిమిషాల కాలం దాకా చూపించగలదు. అక్కడ 5 నుంచి 24 నిమిషాల మధ్య సన్నటి శిఖరాలు కనిపిస్తే నీకు నిధి దొరికినట్టే. అది వేగంగా కంపించే ఏపి నక్షత్రం. ఈ రకాన్ని కర్ట్జ్ 1978లో మొదటిసారి గుర్తించాడు. ఏ తరగతి నక్షత్రాల్లో ఇట్టాంటి కంపనాలు దాదాపు ఏపిల్లోనే కనపడతాయి కాబట్టి దాని జాతి మీద అనుమానం చాలావరకు తీరిపోతుంది. పైగా నెమ్మదిగా తిరిగేవాటిలో ఈ కంపనాలున్నవి మామూలు కంటే ఎక్కువ పాళ్ళలో ఉన్నాయని ఆ ముగ్గురి సర్వే చెప్తోంది. గామా ఈక్యులియై కూడా సుమారు 12 నిమిషాలకో కంపనం చొప్పున ఊగే నక్షత్రమే. మనదేశంలోనూ నైనిటాల్ వాళ్ళు దక్షిణాఫ్రికా వాళ్ళతో కలిసి ఈ కంపనాల కోసం ఏళ్ళ తరబడి సర్వే చేశారు, హెచ్‌డి 12098లో పట్టుకున్నారు కూడా. అలా కాకుండా ఒకటి నుంచి కొన్ని గంటల కాలంతో గుంపుగా శిఖరాలొస్తే అది డెల్టా స్కూటీ అనే వేరే రకం నక్షత్రాల కంపనం. అప్పుడు కేటలాగు వర్గీకరణను గట్టిగా అనుమానించాలి, లేదా పక్క చుక్కను. 2022 జాబితాలో కూడా ఖాయంగా తొమ్మిది డెల్టా స్కూటీలు, రెండు గ్రహణ జంటలు బయటపడ్డాయి.

ఇవన్నీ దాటినా ఒకటి మిగులుతుంది, దాన్ని టెస్ డేటా తీర్చలేదు. నక్షత్రం ధ్రువం సూటిగా మనవైపు తిరిగి ఉంటే, అది రెండు రోజులకో చుట్టు తిరిగినా ఎప్పుడూ అదే ముఖం కనపడుతుంది. అయస్కాంత అక్షం భ్రమణాక్షంతో దాదాపు కలిసిపోయినా అంతే. ఎంత అరుదో లెక్క కట్టు: అక్షాలు ఏ దిక్కుకైనా సమానంగా తిరిగి ఉంటాయనుకుంటే, ధ్రువం మన చూపుకు 10 డిగ్రీల లోపల ఉండే అవకాశం వందకు ఒకటిన్నర. 20 డిగ్రీల లోపలైతే వందకు 6. చిన్న సంఖ్యలే, కానీ మనం వెతుకుతున్న నెమ్మది నక్షత్రాలు కూడా వందకు కొన్నే కాబట్టి తీసిపారెయ్యడానికి లేదు. అందుకే ఆ పరిశోధకులు కూడా వీటిని అభ్యర్థులనే పిలుస్తారు.

తీర్పు చెప్పేది వర్ణపటం. అందులోనూ ఒక్క గీత: 6149.258 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరుండే అయనీకృత ఇనుము గీత. మిగతా గీతలు క్షేత్రంలో నాలుగైదు పాయలుగా విడిపోయి కలగలిసిపోతాయి. ఇది మాత్రం శుభ్రంగా రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల ఎడం కొలిస్తే క్షేత్రం సగటు బలం నేరుగా వస్తుంది, నమూనా ఏదీ అక్కర్లేదు. ప్రతి 1,000 గాస్‌లకు ఎడం 0.048 ఆంగ్‌స్ట్రామ్‌లు. వేగంలోకి మార్చుకుంటే సెకనుకు 2.3 కిలోమీటర్లు. ఇప్పుడు భ్రమణం వైపు చూడు. సూర్యుడికి రెండున్నర రెట్ల వ్యాసార్థమున్న నక్షత్రం 2 రోజులకు ఒక చుట్టు తిరిగితే మధ్యరేఖ వేగం సెకనుకు 63 కిలోమీటర్లు. 50 రోజులకైతే రెండున్నర కిలోమీటర్లే. ఈ రెండు సంఖ్యల మధ్య దూరమే మన పని సులువు చేస్తుంది. 2 రోజుల నక్షత్రం ధ్రువం మనవైపు 5 డిగ్రీల లోపు తిరిగి ఉంటే తప్ప గీత సన్నగా కనపడదు. గీతలు సన్నగా ఉండి, 6149 చీలి ఉంటే, పైగా టెస్‌లో మార్పు లేకపోతే, నీ వాదన మూడు కాళ్ళ మీద నిలబడుతుంది. చీలిక లేకుండా ఉత్త సన్నగా ఉంటే కూడా పారెయ్యొద్దు. అది బలహీన క్షేత్రపు నక్షత్రం కావచ్చు, జాబితాల్లో కొరతగా ఉన్నది అదే రకం.

దీనికి టెలిస్కోపు కావాలి గదా అంటావు. ముందు వెతకాల్సింది ఆర్కైవులు. యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ ఆర్కైవులో హార్ప్స్, యూవీఈఎస్ పరికరాల వర్ణపటాలు ఉచితంగా దొరుకుతాయి. ఫ్రాన్స్ వాళ్ళ పోలార్‌బేస్‌లో నక్షత్రాల అయస్కాంత క్షేత్రాలు కొలవడానికి పనికొచ్చే వర్ణపటాలు ఉన్నాయి. ఎవరో వేరే పని మీద ఎప్పుడో తీసిన వర్ణపటంలో నీ 6149 గీత ఎవరూ కొలవకుండా పడి ఉండొచ్చు. 9వ మాగ్నిట్యూడు నక్షత్రం కాబట్టి ఆశ ఉంది. ఆర్కైవులో లేకపోతే మన దగ్గరే దారి ఉంది. కావలూరులోని 2.34 మీటర్ల వైను బప్పు టెలిస్కోపుకు, వర్ణపటాన్ని సన్నగా విడదీసే ఎషెల్ స్పెక్ట్రోగ్రాఫ్ ఉంది. హాన్లేలోని 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు స్పెక్ట్రోగ్రాఫ్ 60,000 విభేదన శక్తితో పనిచేస్తుంది. అంటే సెకనుకు 5 కిలోమీటర్ల ఎడాన్ని విడదీస్తుంది, 2,000 గాస్‌లు దాటిన క్షేత్రం చీలికకు అది సరిగ్గా సరిపోతుంది. రెండూ బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థవే. పరిశీలనకు సమయం కోరుతూ దరఖాస్తు పెట్టాలి. నువ్వు ఒక్కదానివే పెట్టడం కష్టం, మీ గైడునో, ఈ రంగంలో పనిచేసే పరిశోధకుల్నో కలుపుకో. నేను పైన చెప్పిన తరంగం కలిపే ప్రయోగం గ్రాఫు చేతిలో ఉంటే వాళ్ళు నీ ఉత్తరం చదువుతారు. అది లేకుండా "నాకొక బల్లపరుపు గీత దొరికింది" అంటే చదవరు, వాళ్ళని తప్పు పట్టడానికీ లేదు.

మన జిల్లాల నుంచి ఈ పని చెయ్యడం గురించి ఒక మాట. తీరం వెంబడి ఉన్న తేమతో వెయ్యో వంతు ఖచ్చితత్వంతో వెలుగు కొలవడం చాలా కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు, తుపాన్లు. ఇక్కడ మిద్దె మీద టెలిస్కోపు పెట్టి ఈ నక్షత్రాల భ్రమణం కొలుద్దామని ఎవరైనా అడిగితే వద్దనే చెప్తాను. కానీ సర్వే డేటాకు పామూరు అయినా, కేంబ్రిడ్జి అయినా ఒక్కటే. ఒక సెక్టారు కాంతి ఫైలు కొన్ని మెగాబైట్లే, ఫోను హాట్‌స్పాట్ మీద కూడా దిగుతుంది. ల్యాప్‌టాప్ పాతదైతే గూగుల్ కోలాబ్‌లో నడుపు. పూర్తి చిత్రాల ఫైళ్ళ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు, అవి బరువు. నీ నక్షత్రం చుట్టూ చిన్న ముక్క కత్తిరించి ఇచ్చే సదుపాయం, టెస్ డేటా దాచే మాస్ట్ ఆర్కైవులోనే ఉంది.

అసలు కాలం ఎంతో తెలుసుకోవడమంటే వేరే సంగతి, దానికి తొందర పనికిరాదు. కొన్ని నెలల కాలమైతే ఆసాస్, కెల్ట్ లాంటి నేల మీది సర్వేల ఏళ్ళ తరబడి డేటాలో తొంగి చూడొచ్చు, ఏటా వచ్చే ఖాళీలు ఇబ్బంది పెడతాయని గుర్తుంచుకుంటూ. కొన్నేళ్ళ కాలమైతే ఏడాదికి ఒకటి రెండు వర్ణపటాలు చాలు, క్షేత్రం బలం ఎట్టా మారుతోందో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. బాబ్‌కాక్ మొదటి కొలత ఇవాళ్టికీ పనికొస్తోంది. నువ్వు ఈ ఏడాది తీసే కొలతను ఎవరో తర్వాతి తరంలో వాడుకుంటారు. కాబట్టి తేదీ, పరికరం, కొలతలో అనిశ్చితి, మూడూ ప్రతిసారీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి.

ఈ వారం నువ్వు చెయ్యాల్సింది ఇంతే. పక్క నక్షత్రాల గ్రాఫులు గీసి ఆ మెలిక సంగతి తేల్చు. తరంగం కలిపే ప్రయోగం చెయ్యి. 5 నుంచి 24 నిమిషాల మధ్య శిఖరాలున్నాయేమో చూడు. ఆ మూడు గ్రాఫులూ, నక్షత్రం టిక్ నంబరూ (టెస్ కేటలాగులో దాని సంఖ్య), సెక్టారు నంబర్లూ ఇక్కడే పెట్టు. ఆర్కైవుల్లో దాని వర్ణపటం ఉందేమో ఈలోపు నేను వెతుకుతాను. దొరికితే 6149 గీతను ఎట్టా కొలవాలో ఆ ఫైలు మీదే చూపిస్తాను.